రోజూ పావుగంట తెలుగు: చెన్నైలో రాత అలవాటు ఎందుకు ఆగిపోతోంది?

జనవరిలో కొన్న డైరీ చాలా ఇళ్లలో సంక్రాంతికే ఆగిపోతుంది. బద్ధకం అని మనల్ని మనమే తిట్టుకుంటాం గానీ, తప్పు సగం ఆ డైరీదే. తేదీకో పేజీ అచ్చువేసిన పుస్తకంలో నాలుగు రోజులు తప్పితే నాలుగు ఖాళీ పేజీలు ఎదురొస్తాయి. ఐదో రోజు దాన్ని తెరవబుద్ధి కాదు. మిగతా సగం తప్పు, ఏం రాయాలో తేల్చుకోకపోవడం.

ఈ విషయంలో చెన్నపట్నం తెలుగువాళ్లకు మంచి దారి చూపిన పెద్దమనిషి ఒకప్పుడు ఇక్కడే ఉండేవారు. అప్పటి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాటను మరో భాషలో చెప్పే ఉద్యోగిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చేదాకా రాస్తూనే వచ్చారు. ఊరికీ ఊరికీ ఎంత దూరం, అంగళ్లున్నాయా, నీళ్లకు ఇబ్బందా, బసకు చోటు దొరికిందా, ఇవీ ఆయన రాసినవి. అవి కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె అనే స్నేహితుడి కోసం రాసినవి. చదివే మనిషి ఒకరున్నారు, చెప్పాల్సిన సంగతి కళ్లముందుంది. అందుకే రాత ఆగలేదని నా నమ్మకం.

కాబట్టి మొదటి నెల మనసులో ఏముందో రాయాలని కూర్చోవద్దు. ఆ రోజు చూసినవి, విన్నవి మూడు చాలు: తణ్ణి (నీళ్ల) లారీ ఎన్నింటికి వచ్చింది, కోయంబేడులో ములక్కాయ ఎంత చెప్పారు, ఇంట్లో ఎవరు ఏ మాట అన్నారు. అన్న మాటను అన్నట్టే రాయాలి, అందులో తమిళం కలిసినా సరే. ఐదారు పంక్తులు సాగాక మనసులోది తనంతట తానే వస్తుంది. బాధ రాసుకుంటే మేలని చెప్పేవాళ్లు తరచూ ఉదహరించే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986 ప్రయోగం కూడా రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు చేయించినదే. ఏళ్ల తరబడి ఒకే పుండును కెలుక్కోవడానికి దాన్ని సాక్ష్యంగా తేలేం.

నోటుబుక్కు తేదీలు లేనిది కావాలి. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో 200 పేజీల లాంగ్ నోటుబుక్కు తీసుకుంటే సరిపోతుంది. గీతలు దగ్గరగా ఉంటే ఒక గీత వదిలి ఒక గీత మీద రాయండి. 'రాష్ట్రం' అని రాసి చూస్తే కారణం తెలుస్తుంది: పై పంక్తిలోని టవత్తు, క్రావడి కిందికి దిగి, కింది పంక్తి గుడులకు తగులుకుంటాయి. బాల్ పెన్ను మేలు. వానాకాలంలో ఇక్కడ కాగితం చెమ్మగిల్లుతుంది, జెల్ సిరా, పాళీ పెన్ను సిరా తడి తగిలితే అలుక్కుపోతాయి.

పేజీల లెక్క పెట్టుకోవద్దు, గడియారం చూసి 15 నిమిషాలు రాయండి. పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టగానే, ఫోను తీయకముందే. రాత్రికి వాయిదా వేస్తే అలసటే గెలుస్తుంది.

ఇక్కడి ఇబ్బంది ఇంకొకటుంది. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. అలా చదివినవాళ్లకు తెలుగు నోటికి వస్తుంది, చేతికి రాదు. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం, ఒత్తులు లేవు. అందుకే 'గంట' కాస్తా 'కంట' అవుతుంది, 'అమ్మ' అని రాయబోయి 'అమ్‌మ' అంటారు. రాస్తూ మధ్యలో ఆగి దిద్దుకుంటే పావుగంటలో రెండు పంక్తులే తేలతాయి, విసుగొస్తుంది. అనుమానమున్న మాట చుట్టూ సున్నా చుట్టి ముందుకెళ్లండి. చివర్లో రెండే రెండు మాటలు నిఘంటువులో చూసుకోండి. మొదటి రెండు వారాలు అరపేజీ దాటకపోయినా కంగారు వద్దు.

తప్పిన రోజులను వెనక్కెళ్లి నింపకండి. మూడు రోజుల తర్వాత రాసేదాంట్లో వేళలు, అన్న మాటలు జారిపోయి ఉంటాయి. పైగా బాకీ పెరిగినకొద్దీ పుస్తకమంటేనే భయం పుడుతుంది. 'మూడు రోజులు రాయలేదు' అని ఒక్క పంక్తి రాసి, ఇవాళ్టి సంగతిలోకి వెళ్లాలి.

ప్రతి పేజీకీ మూలన అంకె వేసి, చివరి నాలుగు పేజీలు విషయసూచికకు వదలండి. ఆదివారం పది నిమిషాలు అది నింపుకుంటే, ఆర్నెల్ల తర్వాత మోటారు ఎప్పుడు బాగుచేయించామో వెంటనే దొరుకుతుంది. తెలుగు చదవడం రాని పిల్లలుంటే ఆ ఆదివారమే ఒక పేజీ పైకి చదివి వినిపించండి. లిపి తెలియకపోయినా మాట అర్థమవుతుంది వాళ్లకు. 'ఆ మాట నేననలేదు, అక్క అంది' అని వాళ్లు దిద్దితే, ఆ దిద్దుబాటునూ పక్కన మార్జిన్‌లో రాసుకోండి.