మజ్జిగ ఇంకా ప్రారంభం కాలేదు

ఏప్రిల్ నెల, పొద్దున్న పదకొండున్నర. మా ఊరి బస్టాండు ఎదురుగా తాటాకు పందిరి. దాని కింద ఇసక మీద మూడు కొత్త కుండలు, పక్కనే నీలం డ్రమ్ము నిండా మజ్జిగ. అల్లం, కరివేపాకు వాసన రోడ్డు దాటి వస్తోంది. చేతిసంచీతో ఒక ముసలావిడ వచ్చి, "కాసిని మజ్జిగ పొయ్యి బాబూ" అంది. తెల్లచొక్కాకి బ్యాడ్జీ పెట్టుకున్న క్లబ్బు సభ్యుడొకాయన ఎంతో మర్యాదగా, "ఆగండి మామ్మగారూ, ఇంకా ప్రారంభం కాలేదు" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. మజ్జిగ ప్రారంభం కాకపోవడమేమిటి? పాలు తోడుపెట్టారు, చిలికారు, నీళ్ళు కలిపారు, ఉప్పేశారు. అంతటితో అది మజ్జిగ అయిపోతుందని తరతరాలుగా మనం భ్రమపడుతున్నాం. అజ్ఞానం. పందిరికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి, పళ్ళెంలో కత్తెర పెట్టి, ఆ కత్తెర ముఖ్య అతిథి చేతికి అందేదాకా అదొక తెల్లటి ద్రవం. తాగినా దాహం తీరదు. ఒకవేళ తీరినా లెక్కలోకి రాదు.

ముఖ్య అతిథి "బయల్దేరారు" అని కార్యదర్శిగారు అప్పటికి నాలుగుసార్లు చెప్పారు. బయల్దేరారంటే స్నానానికని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

ఇది ఏ క్లబ్బో నేను చెప్పను. ఫ్లెక్సీ మీద ఉంది. పది అడుగుల ఫ్లెక్సీ. ఎండలో పని లేక దాని మీద మొహాలు లెక్కపెట్టాను, ఇరవై ఏడు. కుండలు మూడు. అంటే కుండకి తొమ్మిది మొహాలు. పూర్వం మనవాళ్ళు సప్తసంతానాలన్నారు: చెరువు, గుడి, వనం, అగ్రహారం, నిధి, కావ్యం, కొడుకు. ఎనిమిదోది మా క్లబ్బు కనిపెట్టింది. మిగతా ఏడూ పాడుబడినా ఫ్లెక్సీ నిలబడుతుంది.

ఈ జాతి సేవా క్లబ్బుల పుట్టుక చూస్తే ముచ్చటేస్తుంది. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు పరిచయస్తుల్ని పోగేసి రోటరీ మొదలుపెట్టాడు. వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలుసుకునేవారు కనక ఆ పేరు, రోటరీ అంటే తిరిగేదని. తర్వాత పన్నెండేళ్ళకి అదే ఊళ్ళో లయన్స్ పుట్టింది. మా క్లబ్బు ఏ వంశానిదైతేనేం, ఆ తిరగడం మాత్రం బాగా ఒంటపట్టించుకుంది. అధ్యక్ష పదవి బావగారి దగ్గర్నుంచి బావమరిదికి, బావమరిది దగ్గర్నుంచి బావగారికి తిరుగుతూ ఉంటుంది. ఇంకో సంగతి. ఆ షికాగో వాళ్ళు ఊరి కోసం పూనుకున్న మొదటి పని సిటీ హాలు దగ్గర మరుగుదొడ్లు కట్టించడం. మా బస్టాండు మరుగుదొడ్డికి తాళం పడి రెండేళ్ళయింది. క్లబ్బు దాని జోలికి పోదు. పాపం, ఎలా పోతుంది? మరుగుదొడ్డి ముందు నిలబడి శాలువా కప్పించుకుంటే ఫోటో ఏం బాగుంటుంది?

సరే, సభ సంగతి. అతిథి రాకపోయినా సభ ఆగదు. "వేదికను అలంకరించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అంటూ వ్యాఖ్యాత మొదలెట్టాడు. వేదిక అంటే ఆ పందిరే. అంటే దాహంతో వచ్చినవాళ్ళు నిలబడాల్సిన నీడ. అందులో పద్నాలుగు కుర్చీలు వేశారు. అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, గత అధ్యక్షులు, గతానికి గత అధ్యక్షులు, క్లబ్బు పుట్టినప్పటి చార్టర్ ప్రెసిడెంటు, జోన్ చైర్మన్, ఈ ఏడాది ఏ పదవీ దక్కని ఒకాయనకి అప్పటికప్పుడు పుట్టిన "విశిష్ట సలహాదారు". ఒక్కొక్కరు రావడం, మెడలో పతకాల పటకా సర్దుకోవడం, జనం చప్పట్లు కొట్టడం. జనమంటే ఎండలో నిలబడ్డ మేము.

అధ్యక్షులవారు సభ ప్రారంభ సూచకంగా చిన్న సుత్తితో గంట కొట్టారు. అది వినగానే బస్టాండులోంచి నలుగురు పిల్లలు పుల్లైసు బండి అనుకుని పరిగెత్తుకొచ్చారు. వాళ్ళని కూడా ఆగమన్నారు.

తర్వాత జ్యోతి ప్రజ్వలన. నడిరోడ్డు పక్కన, వడగాడ్పులో, మిట్టమధ్యాహ్నం దీపం వెలిగించడమంటే మాటలా? మొదటి పుల్ల ఆరింది. రెండోదీ ఆరింది. మూడో పుల్లకి గత అధ్యక్షులు ముగ్గురు గాలికి అడ్డంగా భుజం భుజం కలిపి నిలబడ్డారు. వాళ్ళ కలిసికట్టుతనం ఆ ఏడాది మొత్తంలో నేను చూసింది అప్పుడే. అయినా ఆరింది. ఏడో పుల్లకి కర్పూరం తెప్పించారు. వత్తి అంటుకుంది, పటకా కుచ్చు కూడా అంటుకుంది. కోశాధికారి సమయస్ఫూర్తితో గరిటెడు మజ్జిగ తెచ్చి దాని మీద పోశారు. ఆ రోజు ప్రారంభానికి ముందే మజ్జిగ దక్కింది ఆ కుచ్చుకి ఒక్కదానికే.

పన్నెండుంబావుకి ముఖ్య అతిథి దిగారు. నలభై ఒక్క డిగ్రీల ఎండలో ఆయనకి శాలువా కప్పారు. ఆయన చేత మిగతా పద్నాలుగు మందికీ కప్పించారు. చలివేంద్రం అంటే ఇదేనని అప్పుడర్థమైంది నాకు. అందరూ చలికి వణుకుతున్నట్టే ఉన్నారు. రిబ్బను తెగింది. అతిథి మొదటి గ్లాసు తాగారు. ఫోటోగ్రాఫరు "సార్, పడలేదు, ఇంకోసారి" అన్నాడు. రెండో గ్లాసు. "సార్, ఇటు చూస్తూ." మూడోది. ఆయనకి జలుబట, మొహమాటానికి తాగుతున్నారు.

ఇక లబ్ధిదారు ఫోటో. ముసలావిణ్ణి ముందుకి పిలిచారు. గ్లాసు ఇచ్చారు. అతిథిగారి చెయ్యి గ్లాసు మీద పడింది, దాని మీద అధ్యక్షులవారిది, పక్కనుంచి కార్యదర్శిది, వెనకనుంచి ఎవరివో ఉంగరాల వేళ్ళు. ఏడు చేతులు. ఆవిడ గ్లాసు నోటి దగ్గరికి తీసుకోబోయింది. "తాగకమ్మా, తాగకు! పట్టుకుని కెమెరా వైపు చూడు" అన్నాడొకడు. ఇందాక గారూ అన్నవాడే, ఇప్పుడు నువ్వు అనేశాడు.

నేను వ్యంగ్యం రాయాలనే కూర్చున్నాను. కానీ ఇక్కడికొచ్చేసరికి చేతకావడం లేదు. ముప్పావుగంట ఎండలో నిలబడ్డ మనిషి చేతికి గ్లాసిచ్చి తాగొద్దనడానికి సిగ్గుండాలి. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా లేచి వండి పెట్టేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ ఒక్కనాడైనా "ఇంకా ప్రారంభం కాలేదు" అందా? పోనీ ఆవిడ మహాతల్లి, వదిలేద్దాం. ఇలాంటి క్లబ్బులే చేసిన పనులున్నాయి కదా! పోలియో మీద రోటరీ 1985 నుంచి పట్టు వదలకుండా నిలబడింది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదన్న ధ్రువపత్రం వచ్చిందంటే అందులో దాని పాలు ఉంది. చిన్నప్పుడు మా వీధిలో కాలు ఈడ్చుకుంటూ నడిచే నేస్తం ఉండేవాడు. ఇప్పుడు ఏ వీధిలోనూ అలాంటి పిల్లాడు కనిపించడం లేదు. అందుకే ఒళ్ళు మండుతుంది. చేతకానివాళ్ళు చెయ్యకపోతే ఊరుకోవచ్చు. చేసి చూపించిన జాతివాళ్ళకి మజ్జిగ పొయ్యడం రాదా?

ఫోటో తీస్తుండగానే ఆవిడ బస్సు కదిలింది. కండక్టరు రైట్ రైట్ అన్నాడు. ఆవిడ గ్లాసు వదిలేసి, సంచీ చంకనెట్టుకుని పరిగెత్తింది. గ్లాసు మాత్రం ఏడు చేతుల్లో అలాగే ఉండిపోయింది.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. శీర్షిక "దాహార్తి తీర్చిన క్లబ్బు". ఆ సాయంత్రమే ఫెలోషిప్ జరిగింది. తెలియనివాళ్ళకి చెప్తున్నాను, ఫెలోషిప్ అంటే భోజనం. చికెన్ ఫ్రైయా, రొయ్యల ఇగురా అన్న దాని మీద నలభై నిమిషాలు చర్చ నడిచిందని, కుండల్లో రోజూ నీళ్ళు ఎవరు పోయాలన్న అంశం వచ్చేసరికి ఐస్‌క్రీమ్ కరిగిపోతోందని సభ ముగించారని, వెళ్ళొచ్చిన మిత్రుడు చెప్పాడు.

నాలుగో రోజుకి కుండలు ఎండిపోయాయి. గ్లాసుకి కట్టిన గొలుసు ఉంది, గ్లాసు లేదు. పందిరి నీడలో ఒక కుక్క పడుకుంది. పద్నాలుగు కుర్చీల చోటు దానికి ఒక్కదానికే సరిపోయింది. ఫ్లెక్సీలో ఇరవై ఏడుగురూ నవ్వుతున్నారు.

కార్యదర్శిగారు బజార్లో కనిపిస్తే ఉండబట్టలేక అడిగాను. "కుండల్లో నీళ్ళు పోయించండి మాస్టారూ, మే నెలంతా ముందే ఉంది."

ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డారు. "అది ప్రాజెక్టు కంప్లీటెడ్ అని పైకి రిపోర్టు పంపేశామండీ. ఐదొందల మంది లబ్ధిదారులు. ఇప్పుడు నీళ్ళు పోస్తే మళ్ళీ మొదలెట్టినట్టవుతుంది. జూన్ 30తో మా బావగారి పదవి అయిపోతోంది కదా, ఇక ఏం చేసినా జూలై తర్వాతే."

"జూలైలో వానలండీ" అన్నాను.

"గొడుగులు పంచుతాం" అన్నారు.