తిరుపతి వాసి అనే ఉద్యోగం

తిరుపతిలో ఇల్లున్న ప్రతి మనిషికీ జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది. దరఖాస్తు అక్కర్లేదు, రాజీనామా చెల్లదు. హైదరాబాదు, బెంగళూరు చుట్టాల ఫోన్లలో అతని పేరు 'తిరుపతి బాబాయి'. ఆ ఫోను ఏడాదికోసారి మోగుతుంది. మొదటి మాట 'బాగుండారా', రెండో మాట 'శనివారం వస్తున్నాం'.

కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు, ఈ ఊరి అల్లుళ్లు విధివిధానాలు తెలుసుకోవడం మంచిది. కొండమీద దర్శనానికి మూడు వందల రూపాయల టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో పెడతారు, చూస్తుండగానే అయిపోతాయి. చుట్టం ఫోన్ చేసేది మూడు రోజుల ముందు. మధ్యలో ఉన్న ఆ ఎనభై ఏడు రోజుల్ని వెనక్కి తేవడమే తిరుపతి వాసి డ్యూటీ.

అది కుదరకపోతే ఉచిత టోకెన్ ఉంది. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్. ఆ రోజు కోటా అయిపోతే కౌంటరు మూసేస్తారు. 'మీ అబ్బోడిని పంపించి మా ఆరుగురికీ తెప్పించు బాబాయ్' అంటారు గానీ, ఎవరి ఆధార్‌తో వాళ్లే వరసలో నిలబడాలి. ఇది చెప్పిన క్షణం నుంచి బాబాయికి పొగరెక్కిందని కుటుంబమంతా చెప్పుకుంటారు.

అప్పుడు ఎమ్మెల్యే సిఫార్సు లెటర్ ప్రస్తావన వస్తుంది. తిరుపతి వాసి అన్నాక ఎమ్మెల్యేతో రోజూ టిఫిన్ చేస్తుంటాడని బయటి ఊళ్ల నమ్మకం. నిజానికి లెటర్ అంటే దర్శనం కాదు, అర్జీ. ముందురోజే పైన ఇవ్వాలి. మంజూరైతే మనిషికి 500 రూపాయలు కట్టి వీఐపీ బ్రేక్ దర్శనం టికెట్ తీసుకోవాలి. ఒక లెటరుకు ఆరుగురు దాకా. వచ్చేది ఎప్పుడూ ఏడుగురే. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదన్నా లాభం లేదు, ఆ ఏడోవాడు ఇంటర్ చదువుతుంటాడు.

బీరువాలో రెండు పంచెలు, రెండు చున్నీలు అదనంగా పెట్టుకోవాలి. జీన్సులో దిగేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. ఫోన్లు లోపలికి పోనివ్వరు కాబట్టి, బయటికొచ్చాక బేడి ఆంజనేయస్వామి గుడి దగ్గర కలవమని పైకి పంపేముందే చెప్పాలి. చెప్పకపోతే తప్పిపోయిన అత్తయ్యను మైకులో పిలిపించడానికి మళ్లీ మీరే కొండెక్కాలి.

ఇక లడ్డు. దర్శనానికి మనిషికొకటి ఉచితం, అదనంగా కావాలంటే ఒక్కోటి 50 రూపాయలు. తిరుపతి వాసి పొరుగూరికి ఉత్త చేతుల్తో పోతే గుమ్మంలోనే చేతుల వైపు చూస్తారు. చుట్టాలు మాత్రం వేడి లడ్లను ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టుకుపోతారు. లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. ఫిర్యాదు మనకే. విప్పి, గాలి తగిలేట్టు కాగితం మీద పరచమని ముందే చెప్పినా వినరు.

ఈ ఊరికి సొంత పండగ కూడా ఉందని చాలామందికి తెలీదు. మే నెలలో గంగమ్మ జాతర. బైరాగి, బండ, తోటి వేషాలు కట్టి వీధుల్లో బూతులు తిట్టడం మొక్కు. ఎవర్ని మనసులో పెట్టుకుని తిడుతున్నారో తాతయ్యగుంట గంగమ్మకే తెలియాలి.

ఇంతకీ తిరుపతి వాసికి దర్శనం? మిద్దె మీద బట్టలారేస్తూ కొండవైపు ఒక దండం, 'వచ్చే నెల పోదాం' అని ఒక మాట. ఇది చూసే కాబోలు, 2024 డిసెంబరులో స్థానికులకు నెలలో మొదటి మంగళవారం దర్శనం మొదలుపెట్టారు. ఆధార్‌లో తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట అడ్రసుంటే చాలు, ముందు ఆదివారం టోకెన్లు.

ఆ వార్త వచ్చిన రోజే బాబాయి ఫోన్ మోగింది. 'బాగుండారా? మీ డోర్ నంబరు ఒకసారి పెట్టండి, ఆధార్ మార్పించుకుంటాం. మేం ఏడుగురం.'