జూన్ 12ను జూలై 1కి మార్చవలసిందిగా మనవి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల సేవా క్లబ్బులకు ఏటా జరుగుతున్న ఒక అన్యాయాన్ని ప్రభుత్వం వారి దృష్టికి తేవలసి ఉంది. మన రాష్ట్రంలో బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. రోటరీ, లయన్స్ వంటి క్లబ్బులకు కొత్త సంవత్సరం జూలై 1న గాని మొదలు కాదు. పిల్లవాడికి నోటు పుస్తకం కావలసిన వేళకు పాత అధ్యక్షుడు మెమెంటోలు సర్దుకుంటూ ఉంటాడు, కొత్త అధ్యక్షుడి మెడలో పదవి గుర్తుగా వేసే కాలర్ ఇంకా పడి ఉండదు. పదవి లేని మనిషి పుస్తకం ఇస్తే అది పుస్తకమే అవుతుంది గాని సేవ ఎలా అవుతుంది? అందుచేత ప్రమాణ స్వీకారం, గవర్నరు గారి (రాష్ట్ర గవర్నరు కాదు, క్లబ్బులకు పైనుండే పెద్ద) రాక, శాలువాలు, ఫెలోషిప్ అని గౌరవంగా పిలుచుకునే విందు అన్నీ ముగిసి, పుస్తకాల కట్టలు బడికి చేరేసరికి జూలై నెలాఖరవుతుంది. ఆలోగా సర్కారు వారు బ్యాగు, పుస్తకాలు, బూట్లు, బెల్టు ఇచ్చేసి కూర్చుంటారు. మన పిల్లలు మర్యాద తెలిసినవారు గనుక, ఉన్న బ్యాగును తరగతి గదిలో దాచి వచ్చి, లేనివాళ్లలా వరుసలో నిలబడి, అధ్యక్షుడి బొమ్మ అచ్చు వేసిన రెండో బ్యాగును రెండు చేతులా పుచ్చుకుంటారు. పసివాళ్లను ఇంత నటనకు గురిచేసే బదులు బడులే జూలై 1న తెరిస్తే పోతుంది. మహా అయితే 19 రోజుల చదువు తగ్గుతుంది.

ఆ వరుసలోని కష్టం చూసినవారికే తెలుస్తుంది. నోటు పుస్తకం ఒక్కటి, దాన్ని పట్టుకోవలసిన దాతలు పదకొండు మంది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ప్రాజెక్టు ఛైర్మన్, పూర్వాధ్యక్షులు తలా ఒక మూల పట్టుకున్నాక పిల్లవాడి వేలికి చోటు మిగలదు. వెనుక ఎక్కడో వాడి క్రాపు మాత్రం కనిపిస్తుంది. దీనికి తోడు ముఖకవళికల సమస్య ఒకటి. దిగులుగా ఉంటే కృతజ్ఞత లేదంటారు, ఉల్లాసంగా ఉంటే పేదరికం చాలదంటారు. అందుకే పెద్దసారు వరుస పొడుగునా తిరుగుతూ, "నవ్వండ్రా అబ్బయ్యా... మరీ అంతొద్దు, పేదోళ్ల మాదిరి నవ్వండి" అని సర్దిచెప్పుకోవలసి వస్తోంది. బోధనేతర పనులు పెరిగిపోయాయని ఉపాధ్యాయ సంఘాలు ఇచ్చే వినతిపత్రాల్లో ఈ పనిని ఇంకా చేర్చినట్టు లేదు.

ప్రకృతి కూడా సహకరించడం లేదు. మన వైపు వాన, వరద, తుఫాను సాధారణంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు, పడుగుపాడు దగ్గర రోడ్డూ రైలు కట్టా కూడా కోసుకుపోయాయి. అటువంటి రాత్రి ఇంట్లోకి నీళ్లొచ్చిన కుటుంబానికి వెంటనే అన్నం కావాలి, చంటిబిడ్డకు పాలు కావాలి. సేవకు మాత్రం అది అనువైన సమయం కాదు: వెలుతురు చాలదు, ఫ్లెక్సీ గాలికి నిలవదు, విలేకరి రాలేడు. పక్క వీధివాళ్లు మోకాటి లోతు నీళ్లలో తెచ్చి ఇచ్చిన పులిహోర పొట్లాల మీద ఎవరి పేరూ ఉండదు గనుక వాటిని ఏ నివేదికలోనూ రాసుకోలేం.

గిట్టనివాళ్లు ఇక్కడ పోలియో సంగతి ఎత్తుతారు. నిజమే, ఆ పని చిన్నది కాదు. రోటరీ సంస్థ 1985లో ప్రపంచవ్యాప్తంగా ఆ బాధ్యతను నెత్తికెత్తుకుంది. ప్రభుత్వాలతో, ఐక్యరాజ్యసమితి సంస్థలతో కలిసి దశాబ్దాల పాటు వదలకుండా చేసింది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ దక్కింది. అయితే ఇంత చేసి సాధించిన ప్రచారమేమిటి? బిడ్డ ఎడమ చిటికెన వేలి మీద ఒక సిరా గుర్తు. నాలుగు స్నానాలకు అదీ పోతుంది. అక్కడ కనీసం కార్యదర్శి గారి పేరుకైనా చోటు చూపకపోవడం మన్నించరాని పొరపాటు.

అసలు చిక్కు నీళ్ల ప్లాంట్ల దగ్గర ఉంది. నీటిలోని ఫ్లోరైడు మనుషుల పళ్లనూ ఎముకలనూ పాడుచేస్తోందని మన దేశంలో మొదటిసారి 1937లో బయటపడింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో కొత్తగా పుట్టిన ఒంగోలు (తర్వాత ప్రకాశం) జిల్లాలోకి మారాయి, ఫ్లోరైడు కూడా వాటితోపాటే వెళ్లింది. ఆ ఊళ్లలో పిల్లల పళ్ల మీద గార మరకలు చూసిన ఏ దాతకైనా ప్లాంటు పెట్టాలని అనిపించడం సహజం. రిబ్బను కత్తిరిస్తారు, మొదటి గ్లాసు గవర్నరు గారు తాగుతారు. రెండు మూడేళ్లకు లోపల నీటిని వడగట్టే పొర, అంటే మెంబ్రేన్, మార్చాలి. అధ్యక్షుడి పదవీకాలం ఏడాది. పూర్వాధ్యక్షుడి పేరు చెక్కిన ప్లాంటుకు కొత్త అధ్యక్షుడు డబ్బు పెట్టడమంటే పరాయి పెళ్లికూతురికి మన ఇంటి నగలు పెట్టి పంపడమే. అందువల్ల ఆయన పక్క ఊరిలో మరో ప్లాంటు తెరుస్తాడు, పాతదాని తలుపుకు తాళం పడుతుంది, తల్లులు మళ్లీ బిందెలు పట్టుకుని బోరింగు దగ్గరకు వెళతారు. శిలాఫలకానికి మాత్రం ఏమీ కాదు, అది చీమకుర్తి గ్రానైటు.

దీనికి పరిష్కారం ఉంది. మెంబ్రేన్ మార్పిడిని మహోత్సవంగా ప్రకటించాలి. కొత్త మెంబ్రేనుకు రిబ్బను చుట్టాలి, పాతదానికి శాలువా కప్పి సాగనంపాలి, పక్కనే రెండో శిలాఫలకం వేయాలి. అధ్యక్షుడు స్పానరు పట్టుకుని నట్టు బిగిస్తున్నట్టు ఫొటో దిగాలి. అది తలకిందులుగా పట్టుకోకుండా ప్లంబరు ముందురోజే వచ్చి నేర్పుతాడు. అందుకు అతనికి విడిగా కూలి ఇవ్వాలో, ఫెలోషిప్ భోజనంతో సరిపెట్టాలో కోశాధికారి గారు తేల్చవలసి ఉంది.