అంబాసిడర్ వెనక కమాన్లు ఆదివారం పని కాదు

"ఇందులో ఏముందిరా? రెండు కమాన్ కట్టలు, నాలుగు యూ బోల్టులు, రెండు షాకబ్జార్బర్లు. సాయంత్రానికి బండి రోడ్డెక్కుద్ది." ఈ మాట అనే మిత్రుడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. సామాను లెక్క వరకు అతను చెప్పింది నిజమే. కమాన్లంటే బండి వెనక బరువు మోసే, ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు ప్లేట్ల కట్టలు; వాటిని వెనక ఇరుసుకి బిగించేవి యూ బోల్టులు. బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి దిగిన డిజైను అంబాసిడర్‌ది. బెంగాల్లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో తయారీ ఆగేదాకా పేర్లు మారాయి, ఇంజన్లు మారాయి, వెనకాల కమాన్లు మాత్రం కమాన్లుగానే ఉన్నాయి. అంత సులువైన పని మూడో ఆదివారానికి కూడా బండిని దిమ్మల మీదే ఎందుకు ఉంచుతోంది? "పాత బండి కదా" అంటారు అందరూ. నేను ఒప్పుకోను. మొదటిరోజు పొద్దున పది నుంచి పన్నెండు లోపల మనుషులు చేసే తొందర పనులే మూడు వారాలు తింటాయి.

అసలు జాకీ పెట్టే ముందు టేపు పట్టుకున్నవాళ్లు ఎంతమంది? బండి చదునైన నేల మీద ఉండాలి, డికీ ఖాళీగా ఉండాలి, నాలుగు టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచుకి నిలువుగా నాలుగు మూలలా కొలవండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు పక్కలా కొలవండి. లెక్క ప్రకారం అది 97 అంగుళాలు, అంటే 2464 మిల్లీమీటర్లు. ఒక పక్క కచ్చితంగా ఉండి ఇంకో పక్క ఒక అంగుళం తేడా వస్తే ప్లేట్లని కలిపి పట్టుకునే సెంటర్ బోల్టు తెగి హౌసింగు (వెనక ఇరుసు ఉండే ఇనుప గొట్టం) జరిగిందేమో అని ముందు అనుమానించాలి. ఇప్పేశాక ఈ కొలత మళ్లీ దొరకదు. షాకిల్ (కమాన్ వెనక చివరని బాడీకి కలిపే ఊగే లింకు) ఏ కోణంలో వాలి ఉందో ఫోన్లో ఒక ఫొటో తీస్తే చాలు, తర్వాత గంట వాదన తప్పుతుంది.

ఇంకో తనిఖీ ఉంది, దీన్ని దాదాపు ఎవరూ చెయ్యరు. "వెనక కుడి పక్క దిగింది" అని కమాన్లు ఇప్పుతారు. అంబాసిడర్‌కి ముందు వైపు టోర్షన్ బార్లు, అంటే మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. ముందు కుడి బార్ సడలితే బండి మొత్తం కుడికి వాలుతుంది, పాపం వెనక కమాన్ మీద పడుతుంది. ముందు క్రాస్ మెంబర్‌కి సరిగ్గా నడుమ జాకీ పెట్టి రెండు ముందు చక్రాలూ నేల వదిలేదాకా లేపండి. అప్పుడు వెనక సమంగా నిలబడితే కమాన్లలో తప్పు లేదు. ఐదు నిమిషాల పని. ఇది చెయ్యకుండా కమాన్లు మార్చి, వాలు అలాగే ఉందని మళ్లీ కమాన్ల షాపు మీద పడే వాళ్లని చూస్తే నాకు జాలి వెయ్యదు.

ఇక "ఇంకో ప్లేటు ఎక్కిద్దాం" అనే వర్గం. ఏడు ప్లేట్ల కట్టకి అదే మందం ఎనిమిదోది వేస్తే గట్టిదనం సుమారు ఏడో వంతు పెరుగుతుంది. అదే మందం ప్లేటు దొరక్క లారీ ముక్క కోయించి పెడితే లెక్క చెయ్యి దాటిపోతుంది, ఎందుకంటే ప్లేటు మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు. టాక్సీగా తిరిగిన రోజుల్లో ఎనిమిది మందినీ పైన సామాన్లనూ మోసిన బండికి అదనపు ప్లేటు వేశారంటే అర్థముంది. ఆదివారం ఇద్దరు ఎక్కి టీ తాగడానికి వెళ్లే బండికి ఎందుకది? ఈ బండికి విడిగా ఛాసీ లేదు, బాడీయే ఛాసీ. కమాన్ మింగాల్సిన దెబ్బ కమాన్ మింగకపోతే అది నేరుగా హ్యాంగర్ (కమాన్‌ని బాడీకి పట్టుకునే బ్రాకెట్) దగ్గరి రేకుకి వెళ్తుంది. ఆ రేకు అప్పటికే లోపల నుంచి తుప్పు తిని ఉంటుంది, పైన తారు పూత నున్నగా కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. ఠంగుమంటే సరే. మెత్తగా దిగిందంటే కమాన్ల సంగతి పక్కన పెట్టి ముందు టింకర్‌ని పిలవాలి.

కమాన్లు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెడదామనే వాళ్లకి ఒక్క మాట. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలంటే అది అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు ఉండకూడదు. కోసి అతికించాక ఆ దారి మూసుకున్నట్టే.

సరే, ఇప్పడానికి వద్దాం. అసలు ఎదురుదెబ్బ కమాన్ ముందు కన్ను (ప్లేటు చివర గుండ్రంగా చుట్టిన రంధ్రం) దగ్గర తగులుతుంది. నట్టు వచ్చేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. బోల్టు మాత్రం రాదు. కన్నులో ఉండే రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టానికి బోల్టు తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. గుర్తు పట్టడం తేలికే: బోల్టు తలని పానాతో తిప్పితే పావు చుట్టు తిరుగుతుంది, పానా వదలగానే మెల్లగా వెనక్కి వచ్చేస్తుంది. అది బోల్టు తిరగడం కాదు, లోపల రబ్బరు మెలి తిరగడం. ఆ కదలిక చూశాక కూడా సుత్తి అందుకుంటే కొట్టిన ప్రతి దెబ్బకీ మర చివర పువ్వులా విచ్చుకుంటుంది, తర్వాత ఏ దారినా రాదు. బుధవారం నుంచే పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి డీజిలో, తుప్పు వదిలించే ఆయిలో పోస్తూ ఉంటే సగం బోల్టులు దయ తలుస్తాయి. మిగతా సగానికి కోతే మందు. కంటికీ హ్యాంగర్‌కీ మధ్య సందులో వట్టి యాక్సా బ్లేడు దూర్చి, చేతి వైపు గుడ్డ చుట్టి, రెండు పక్కలా కొయ్యాలి. మంచి బ్లేడ్లు అరడజను దగ్గర పెట్టుకోండి. విసుగు పనే. అయినా కొత్త బోల్టు, కొత్త బుష్ ఎలాగూ వేస్తున్నారు కదా.

గ్రైండర్ ఉందిగా, గ్యాస్ కటింగ్ ఉందిగా అంటారా? పెట్రోల్ ట్యాంకు ఎక్కడుందో ఒకసారి వంగి చూడండి. వెనకే, డికీ కింద. షాకిల్ దగ్గర లేచే నిప్పురవ్వకి అది ఎంతో దూరం కాదు. "ట్యాంకు ఖాళీయేలే" అనేది ఇంకా పెద్ద తప్పు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. నిప్పు పుట్టే పని ఏదైనా సరే, ట్యాంకు దించి దూరంగా పెట్టాకే. అడుగున పూసిన తారు కూడా అంటుకుంటుంది, బుష్ రబ్బరు కూడా. బకెట్టు ఇసుక పక్కన లేకుండా టార్చ్ వెలిగించే మిత్రుణ్ని ఇంటికి పంపించెయ్యండి, స్నేహం తర్వాత చూసుకోవచ్చు.

పానాల గోల కూడా చెప్పాలి. ఇది బ్రిటిష్ డిజైను బండి, అసలు బోల్టులన్నీ అంగుళాల లెక్క. అర అంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పడుతుంది, మామూలు బోల్టుకి నడుస్తుంది, తుప్పు పట్టినదానికి వేసి గుంజితే మూలలు గుండ్రమవుతాయి. 9/16 అంటే 14.3. దానికి 14 ఎక్కదు, 15 జారుతుంది. 3/4 మాత్రం 19కి సరిగ్గా సరిపోతుంది, ఆ ఒక్కటి చూసి మిగతావీ సరిపోతాయనుకుంటారు. మరల దగ్గర ఇంకా మోసం: 5/16 మర ఉన్న చోట మిల్లీమీటర్ల లెక్క ఎం8 బోల్టు రెండు చుట్లు హాయిగా ఎక్కి బిగుసుకుంటుంది. అక్కడితో ఆగరు, "కొత్త బోల్టు కదా, టైటుగానే ఉంటుంది" అని పైపు తగిలించి తిప్పుతారు. మర పోతుంది.

రెండు పక్కలూ ఒకేసారి ఇప్పడం ఇంకో వింత ఆనందం. నలుగురున్నారు కదా, ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, పందెం. రెండు పక్కలా యూ బోల్టులు తీసేశాక హౌసింగుని పట్టుకునేది ఒక్క జాకీయే. క్రౌన్ గేరు ఉన్న మూతి బరువుకి అది గిరుక్కున తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ గుంజుకుంటుంది, హ్యాండ్ బ్రేకు కేబుల్ వంగుతుంది, బాడీ నుంచి హౌసింగుకి వచ్చే బ్రేక్ హోస్ దారంలా సాగుతుంది. హోస్ పైకి బాగానే కనిపిస్తుంది. లోపలి పొర చిరిగితే నెల తర్వాత వెనక బ్రేకులు పట్టుకుని వదలవు, అప్పుడు డ్రమ్ముల్ని తిడతారు. ఒక పక్క పూర్తిగా కట్టాకే రెండో పక్క ముట్టుకోవాలి. బాడీ బరువు కమాన్ ముందు హ్యాంగర్‌కి ఇవతల, పెట్టె ఆకారంలో ఉన్న గట్టి భాగం కింద స్టాండ్ల మీద ఉండాలి. జాకీ లేపడానికే, మొయ్యడానికి కాదు.

పదిమంది చేతిలో పాము చావదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. జాకీ దించమని చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి. ఇప్పిన ప్రతి నట్టూ ఏ పక్కది, ఏ కన్నుది అని రాసిన కవర్లోకే వెళ్లాలి, ఆ పని ఒక్కడిదే. వంట బాగా చేసేవాడికి ఆ పని ఇవ్వండి, వాడికి డబ్బాలు సర్దడం వచ్చు. అన్నీ కలిపి కిరోసిన్ తట్టలో పడేసి కడిగే శుభ్రతాభిమానికి మాత్రం ఇవ్వకండి.

కట్టని కమాన్ల షాపుకి తీసుకెళ్తే మీరూ అక్కడే నిలబడండి. సెంటర్ బోల్టు ఇప్పే ముందు కట్టని వైసులోనో పెద్ద సి క్లాంపులోనో బిగించాలి, లేకపోతే ప్లేట్లు ఎగిరి మోకాలికి తగులుతాయి. ఒక ప్లేటు మొన పైప్లేటు అడుగున గాడి తవ్వి ఉంటే విరుగుడు అక్కడి నుంచే మొదలవుతుంది, ఆ ప్లేటు మార్చాల్సిందే. పక్క క్లిప్పులు లేకుండా కట్టని వెనక్కి తీసుకోవద్దు. చక్రం గుంటలోకి జారి కిందికి వేలాడినప్పుడు క్లిప్పులు లేకపోతే భారమంతా మెయిన్ ప్లేటు ఒక్కదాని మీదే పడుతుంది. వంపు ఎక్కించాక రెండు కట్టల్నీ పక్కపక్కన బోర్లించి, కన్ను నుంచి కన్నుకి దారం లాగి, మధ్యలో లోతు కొలవండి. రెండింటికీ ఐదు మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే అక్కడే సరిచేయించండి. చల్లగానే సుత్తితో కొట్టి అంగుళాలు అంగుళాలు లేపిన వంపు కొన్నాళ్లకే దిగుతుంది. ఎక్కువ లేపాలంటే ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ టెంపర్ చేసే షాపే కావాలి.

ప్లేట్ల మధ్య అందంగా నల్ల పెయింటు దట్టించే అలవాటుని నేను అసలు క్షమించను. యూ బోల్టుల కింద నలిగి ఆ పెయింటు పొర పలచబడుతుంది, బిగింపు దానంతటదే వదులవుతుంది. లోపల పలచగా గ్రాఫైటు గ్రీజు చాలు, రంగు బయట వేసుకోండి. ఆ గ్రీజు చెయ్యితో బుష్‌లు మాత్రం ముట్టుకోవద్దు, రబ్బరు ఉబ్బుతుంది. బుష్ జారాలంటే సబ్బు నీళ్లు. రెండు ముక్కల షాకిల్ బుష్‌లైతే పక్కకి నాలుగు, మొత్తం ఎనిమిది, అన్నీ ఒకేసారి మార్చండి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు చివర్లో. చక్రాలు గాలిలో వేలాడుతుండగానే కన్నుల బోల్టులు ఊపిరి బిగబట్టి బిగిస్తారు. అప్పుడు బుష్ రబ్బరు వేలాడే కోణంలో అతుక్కుంటుంది. బండి దించగానే అది మెలి తిరిగి, ఆ మెలిలోనే బతుకుతుంది. మొదటివారం బండి ఒక వేలెత్తు ఎక్కువ కనిపిస్తుంది, "భలే లేచిందిరా" అని ఫొటోలు పెడతారు. కొన్ని నెలలకి రబ్బరు చిరిగి కిర్రుమంటుంది. నట్లు చేత్తో ఎక్కించి వదిలెయ్యాలి, చక్రాలు వేసి నేలకి దించాలి, డికీ పట్టుకుని నాలుగుసార్లు ఊపాలి, ఆ తర్వాతే కింద దూరి బిగించాలి. యూ బోల్టులు కొత్తవే వెయ్యాలి, ఎదురెదురు నట్లని కొంచెం కొంచెంగా బిగించాలి. పాతవి అప్పటికే సాగి ఉంటాయి.

షాకబ్జార్బర్ల గురించి ఎక్కువేం లేదు. గొట్టం రకమైతే నిలబెట్టి ఐదారుసార్లు నొక్కి లాగి గాలి పోగొట్టాకే వెయ్యండి. పాత బండ్లలో ఉండే లివర్ రకంలో ఇంజన్ ఆయిల్ పొయ్యకండి, 20 నంబరు ఫోర్క్ ఆయిల్ పోసి దాని లివర్‌ని ఆడిస్తూ నింపండి.

బండి రోడ్డెక్కాక ఒక 150 కిలోమీటర్లకి యూ బోల్టులు మళ్లీ బిగించాలి, ఎంత బాగా బిగించామన్నా అర చుట్టు తీసుకుంటాయి. స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనకాల కిర్రుమంటే వెంటనే అన్నీ ఇప్పొద్దు. సీసాలో నీళ్లు పట్టుకుని ఒక్కో బుష్ మీద ఒక్కోసారి పోసి డికీ ఊపి చూడండి. ఎక్కడ పోసినప్పుడు చప్పుడు ఆగిందో ఆ ఒక్క బోల్టు వదులు చేసి, బండి నేల మీద ఉండగానే మళ్లీ బిగించండి.