గోదావరి దగ్గర చన్నీళ్ళు

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మా వియ్యంకుడుగారు కదిలారు. కాఫీ అయినా తాగకుండా బ్యాగు సర్దుకుని పాలకొల్లు బస్టాండుకి వెళ్ళిపోయారు.

పండగ అంట్లకని డిష్‌వాషరు కొన్నాం. చన్నీళ్ళ లైనుకే కలపాలని దాంతో వచ్చిన పుస్తకంలో రాసే ఉంది. లోపలే హీటరుంది. వాష్ మొత్తానికి 10-12 లీటర్లు, అవీ విడతకి మూడు నాలుగు లీటర్ల చొప్పున పట్టుకుని కాచుకుంటుంది. చన్నీళ్ళతో మొదలై మెల్లగా వేడెక్కితేనే పళ్ళేలకి ఎండిన గుడ్డుసొన ఉడికి అతుక్కోకుండా ఊడొస్తుంది. ఇదంతా చదివి వినిపించాను.

"వేడినీళ్ళ మిషనుకి చన్నీళ్ళేంటండీ? కరెంటు బిల్లు పేలిపోద్దండి!" అంటూ ప్లంబరు బాత్రూం గీజరు నుంచి 30 అడుగుల పైపు లాగేశాడు. వీడియో కాల్లో డల్లాస్ నుంచి మా బావమరిది వంత: "ఇక్కడ హాట్ లైనుకే ఇస్తాం బావా." అక్కడ చాలా ఇళ్ళల్లో 150 లీటర్ల పైన పట్టే ట్యాంకు రాత్రీ పగలూ వేడిగా ఉంటుంది. అయినా సరే, ముందు సింకు కుళాయి తిప్పి పైపులో చల్లారిన నీళ్ళు వదిలేశాకే మిషను వెయ్యమంటారు. మాది 15 లీటర్ల గీజరు. ఆ పైపులోనే లీటరు పైన నీళ్ళు చల్లారి కూర్చుంటాయి. మిషనుకి ముందు అందేవి అవే. నా మాట వినేదెవరు?

కనుమ పొద్దున వియ్యంకుడుగారు తలంటికెళ్ళారు. మా ఆవిడ మిషను బటన్ నొక్కింది.

ఆయన స్నానమంటే నదులన్నిటినీ పేరుపేరునా పిలవాలి. నెత్తిన కుంకుడు రసం, కళ్ళు గట్టిగా మూసుకుని షవరు కింద నిలబడి గంగను పిలిచారు. వెచ్చగా వచ్చింది. యమునా అంతే. గోదావరి దగ్గర వంటింట్లో మిషను నోరు తెరిచింది. వేడినీళ్ళన్నీ అటు మళ్ళాయి, ఇటు మిగిలింది రాత్రంతా డాబా మీద మంచులో ఉన్న ట్యాంకు నీళ్ళు. హాల్లో మాకు "గోదా" వినబడింది. "వరి" ఎంతకీ రాలేదు. గోదావరి వశిష్ఠ పాయలో ఈత నేర్చిన మనిషి, ఆ పేరు నోట్లో ఇరుక్కోవడం ఏమిటో అనుకున్నాం. సరస్వతి అంటూనే తడుముకుని వేడి పిడి పూర్తిగా తిప్పేశారు. సరిగ్గా నర్మద దగ్గర మిషను కడుపు నిండి, వాల్వు టక్కున మూసుకుంది. గీజరులో ఉన్న వేడంతా ఆయన వీపు మీదికే. సింధు, కావేరి ఇక రాలేదు. వచ్చిన మాటలు ఏ పురోహితుడూ చెప్పించేవి కావు.

కళ్ళు ఎర్రగా, తువ్వాలుతో బయటికొచ్చి, "బావగారూ, నీళ్ళకి ఇబ్బందైతే ముందే చెప్పాల్సింది. కాలవకెళ్ళేవాణ్ణి" అన్నారు.

ప్లంబరుకి ఫోన్ చేశాను.

"ముక్కనుమ ఎల్లాక వత్తానండి. అన్నట్టు, ఆ పైపు డబ్బులు ఇంకా రావాలండి."