మూడేళ్ల లెక్క కాదు, శాంపిల్ లెక్క చూడండి

జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చదివే ఎపిడెమియాలజీలో పీహెచ్‌డీ మూడేళ్లలో చేతికొస్తుందని ఒక వ్యాసంలో రాశారు. యూజీసీ 2022 నిబంధనల్లో 3 ఏళ్లన్నది కనీస గడువు, గరిష్ఠం 6. కోర్సువర్కు 12 క్రెడిట్లు, 55% మార్కులు ఎలాగో గట్టెక్కుతాయి. అసలు తిప్పలు శాంపిల్ దగ్గరే, అంటే సర్వేకి ఎంతమందిని, ఎవరిని ఎంచాలన్న దగ్గరే.

జబ్బు 20% మందిలో ఉందనుకుని, అటూఇటూ 4% తేడాతో, 95% నమ్మకంతో అంచనా కట్టాలంటే 385 మంది కావాలి. విడివిడి మనుషుల్ని కాక ఊళ్లను క్లస్టర్లుగా (గుంపులుగా) తీసుకుంటే ఒకే ఊరివాళ్ల తిండీ నీళ్లూ దాదాపు ఒకటే కదా, అందుకని శాంపిల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 2 పెడితే 770. పదిమందిలో ఒకరు దొరకరనుకుంటే 770ని 0.9తో భాగించాలి: 856. చాలామంది 10% కలిపేసి 847 రాస్తారు. అందులో పదోవంతు పోతే మిగిలేది 762, గైడ్ కూడా చూడకుండా సంతకం పెట్టేస్తారు!

తిరుపతి జిల్లాలో సర్వే అయితే ఇంకో చిక్కు. జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న, జనాభా లెక్కలేమో 2011వి. శ్రీకాళహస్తి ఊళ్లు పాత చిత్తూరు జాబితాలో, సూళ్లూరుపేటవి నెల్లూరు జాబితాలో ఉంటాయి. ఇలాంటి జాబితాలన్నీ కలిపి, మండలాలవారీగా సరిచూశాకే ఊళ్లను ఎంచాలి.

తమిళనాడు సరిహద్దులోని సత్యవేడు వైపు తమిళ ప్రశ్నావళి, సమ్మతి పత్రం కూడా కావాలి. అక్కడికక్కడే నోటితో అనువదిస్తే ఒక్కో సర్వేయరు ఒక్కో ప్రశ్న అడిగినట్టే. ఆ తమిళ పత్రాలను మొదటి దరఖాస్తులోనే, మనుషులపై పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి పెట్టండి. అనుమతి తేదీకి ముందు సేకరించిన డేటాకు తర్వాత అనుమతి తెచ్చుకోవడం కుదరదు.