లైసెన్సు నర్సుది, బీరువా తాళం యాజమాన్యానిది

ఆ మధ్య మా బంధువొకాయన్ని చూడ్డానికి నెల్లూరు పొగతోటలో ఓ ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాను. రాత్రి పదిన్నర. మూడు గదులకూ, ఓ జనరల్ వార్డుకూ కలిపి ఒక్కటే సిస్టర్. సెలైన్ మార్చడం, ఆ టైము అరచేతి మీద పెన్నుతో రాసుకోవడం, పక్క గదికి పరుగెత్తడం. ఇంత కష్టమైతే వేరే చోట చూసుకోకూడదా అమ్మా అన్నాను. "యాడికి పోవాల సార్, నా ఒరిజినల్స్ పైన ఆఫీసు బీరువాలో ఉండాయి" అంది. ఒరిజినల్స్ అంటే ఆమె చదువు తాలూకు అసలు సర్టిఫికెట్లు.

1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు. రాష్ట్రాల్లో కమిషన్లు, నర్సుల పేర్లతో ఆన్‌లైన్ రిజిస్టరు వగైరా అందులో ఉన్నాయి. మంచివే. నా గొడవ వేరు.

మన నియంత్రణ అంతా నర్సు చుట్టూనే తిరుగుతోంది. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా అయితే మూడేళ్లు, బీఎస్సీ అయితే నాలుగేళ్లు చదవాలి. పరీక్ష పాసవ్వాలి, రాష్ట్ర కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోవాలి, ఆ తర్వాత రెన్యువల్. రిజిస్ట్రేషన్ లేకుండా పనిచేస్తే జైలు, జరిమానా. సరే. మరి ఇంటర్ చదివిన పిల్లకు అదే రంగు డ్రెస్సు వేసి, ఆరు నెలలు 'ట్రైనింగ్' అని చెప్పి, చేతికి సిరంజి ఇచ్చిందెవరు? ఆ అమ్మాయి తనంతట తాను వార్డులోకి నడిచొచ్చిందా? మంచం మీద ఉన్నవాడికి ఇద్దరూ సిస్టర్లే. ఎవరికి రిజిస్ట్రేషన్ నంబరుందో, ఎవరికి లేదో వాడికెలా తెలుస్తుంది? కాగితం మీద చూపించడానికి అసలు నర్సు సర్టిఫికెట్లు బీరువాలో, పని ఇంకొకరి చేతుల్లో. కొన్నిచోట్ల ఒరిజినల్స్ మీద అంత మోజు అందుకేనేమోనని నా అనుమానం.

యాజమాన్యాల బాధా వినాలి. పని నేర్పిస్తే మూడు నెలలకే హైదరాబాదుకో, కువైట్‌కో వెళ్లిపోతారంటారు. నిజమే, వెళ్తారు. అపాయింట్‌మెంట్ లెటరు, నోటీసు పీరియడు ఉన్నది అందుకే. జీతం మాటకొస్తే, సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆస్పత్రిలోనైనా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదంది. మన ఊళ్లలో చిన్న నర్సింగ్ హోముల సిస్టర్లను అడిగి చూడండి, నవ్వి ఊరుకుంటారు.

అసలు ఈ ఒరిజినల్స్ జబ్బు ఆస్పత్రులతో మొదలు కాలేదు. కాలేజీలోనే అంటుకుంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు సర్కారు నుంచి ఆలస్యమైతే, కాలేజీ వాళ్లు పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుంటారు. అలా పట్టుకోవద్దని ఉన్నత విద్యను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018లో ఉత్తర్వే ఇచ్చింది. అయినా ఒంగోలు నుంచి సూళ్లూరుపేట దాకా ఏ ఇంట్లో అడిగినా ఇదే కథ. బాకీ పడింది ప్రభుత్వం, తాకట్టులో ఉన్నది పిల్ల చదువు. వేలు అప్పు చేసి ఆ కాగితాలు విడిపించుకుని ఉద్యోగంలో చేరితే, మొదటి రోజే వాటిని మళ్లీ ఇంకో బీరువాలో పెట్టాలి. పొలం కాగితాలు షావుకారు పెట్టెలో ఉంటే దాన్ని అప్పంటాం. దీన్ని మాత్రం 'ప్రొసీజర్' అంటున్నాం!

కొత్త కమిషన్లు ఏం చేసినా చేయకపోయినా, రెండు పనులకు ఖర్చు కూడా లేదు. నర్సు బ్యాడ్జి మీద పేరు కింద రిజిస్ట్రేషన్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఉద్యోగి ఒరిజినల్స్ దగ్గర పెట్టుకున్న ఆస్పత్రికి దాని రిజిస్ట్రేషనే ఆగిపోవాలి. ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్‌కు 2002 నుంచీ రాష్ట్రంలో చట్టం ఉంది, తనిఖీ అధికారమూ ఉంది. తనిఖీకి వెళ్లినవాళ్లు గోడకున్న మంటలార్పే సిలిండరు మీద తేదీ చూస్తారు కదా, పనిలో పనిగా ఆ పక్కనున్న బీరువా కూడా తెరవమని అడగండి సార్.